ఆకుకి తేమ, మొదలుకి గాలి: వానాకాలంలో లేత రెమ్మల నుంచి పూలమొక్కలు

ముద్దమందారానికి గింజ కట్టడం బహు అరుదు. ఢిల్లీ కనకాంబరానికి అసలే కట్టదు, దానికి క్రోమోజోములు జతలుగా కాక మూడేసి ఉండటమే కారణం. గుండుమల్లె, ముద్ద నందివర్ధనం సంగతీ దాదాపు అంతే. అయినా పలాస నుంచి శృంగవరపుకోట దాకా ఏ వీధిలో చూసినా ఇవి పూస్తూనే ఉన్నాయంటే, ఒకరింటి రెమ్మ ఇంకొకరి పెరట్లో వేరు పట్టబట్టే. "వదినా, ఆ ఎర్రమందారం రెమ్మ ఒకటి ఇయ్యవా" అని అడిగితే కాదనేవాళ్ళు మన ఊళ్ళలో తక్కువ. అలా తెచ్చుకున్న రెమ్మల్లో సగానికి పైగా బతక్కపోవడమే బాధ. ఇది చేతివాటం, హస్తవాసి అని చాలామంది సరిపెట్టుకుంటారు. కాదు. నేర్చుకుంటే ఎవరికైనా వచ్చే పనే.

రెమ్మను కోసిన క్షణం నుంచి దానికి నీళ్ళు అందించే వేరు లేదు. ఆకులు మాత్రం నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. కొత్త వేరు వచ్చే మూడు నాలుగు వారాలూ ఈ లోటు తట్టుకునేలా చూడటమే మన పని. చలిదేశాల పద్ధతుల్లో గాలి ఆరిపోకుండా చూడటం మీదే శ్రద్ధంతా ఉంటుంది. శ్రావణమాసంలో శ్రీకాకుళంలో గాలికి తేమ కొదవేమిటి? ఇక్కడ వానాకాలంలో చచ్చే రెమ్మలు ఎక్కువగా ఎండి కాదు, కుళ్ళి చస్తాయి. ఆకు చుట్టూ తేమ ఉండాలి, పాతిన మొదలు దగ్గర నీటితో పాటు గాలి కూడా ఆడాలి. కింద చెప్పే ప్రతి జాగ్రత్తా ఈ రెండింటి కోసమే.

ఏ రెమ్మ కొయ్యాలి

లేత రెమ్మ అంటే ఇంకా ఆకు విప్పుకోని పసిచిగురు కాదు. ఈ మధ్యనే పెరిగి, ఆకులు పూర్తి సైజుకు వచ్చి, కాడ పచ్చగానే ఉన్న కొమ్మ చివర కావాలి. బెరడు గోధుమరంగుకి తిరిగితే అది ముదిరినట్టు. సంతలో బెండకాయ కొస విరిచి చూసినట్టే దీన్నీ చూడొచ్చు. వంచితే టప్పున విరగాలి. విరక్కుండా వంగిపోతే మరీ లేత, మూడు రోజుల్లో మెత్తబడి కుళ్ళుతుంది. నారలు సాగుతూ తెగనంటే ముదురు, వేరు రావడానికి చాలాకాలం పడుతుంది.

మొగ్గలున్న కొమ్మ వద్దు. ఉన్న కాస్త తిండినీ మొగ్గే తీసేసుకుంటుంది. పక్కలకు వచ్చిన, పూత లేని రెమ్మలు చూడండి. అవి దొరక్కపోతే మొగ్గలన్నీ గిల్లేసి వాడండి. యూరియా మేసి ఏపుగా, నీరుబట్టినట్టు పెరిగిన కొమ్మలు చూపుకి బాగుంటాయి గానీ త్వరగా కుళ్ళుతాయి. వాటికన్నా మధ్యస్థంగా పెరిగినవే నయం.

తల్లిమొక్కను నిదానంగా పరీక్షించండి. కొత్త మొక్కకు తల్లి పూల రంగుతో పాటు తల్లి రోగమూ వస్తుంది. ఆకుల మీద పసుపు చారలు, ముడతలు ఉంటే అది వైరస్ కావచ్చు, ఆ మొక్క జోలికి పోవద్దు. మందారమైతే ఆకు తొడిమ కాండాన్ని అంటిన సందుల్లో తెల్లటి పిండినల్లి దాక్కుంటుంది. ఒక్క పురుగు వచ్చినా, రెమ్మ పాతిన కప్పు మీద బోర్లించే మూత కింద వెచ్చగా, తేమగా ఉన్నచోట నెలలో అన్ని కప్పులకూ పాకుతుంది.

మీ సొంత మొక్క నుంచే తీసుకోవాలనుకుంటే మే ఆఖర్లో దాన్ని ఒక మోస్తరుగా కత్తిరించి నీళ్ళు పెట్టండి. జూలై మొదటికి సరైన వయసు రెమ్మలు చేతినిండా దొరుకుతాయి.

అదను

ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో వస్తుంది. అక్కడి నుంచి ఆగస్టు ఆఖరు దాకా మనకు మంచి అదను. గాలిలో తేమ, కొత్త చిగురు, వెచ్చటి రాత్రులు మూడూ కలిసొస్తాయి. పాతిన మొదలు దగ్గర 24 నుంచి 27 డిగ్రీల వేడి ఉంటే ఈ మొక్కలు చురుగ్గా వేరు తొడుగుతాయి. డిసెంబరు, జనవరి చలిలో, ముఖ్యంగా పార్వతీపురం, సాలూరు వైపు ఏజెన్సీ కొండల పక్కన, రెమ్మ బతికే ఉంటుంది గానీ వేరు కదలదు. ఫిబ్రవరి నుంచి మార్చి సగం దాకా రెండో అదను ఉంది. అప్పుడు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మూత తప్పనిసరి. వడగాలుల మే నెల మాత్రం వదిలెయ్యండి.

కోసేది తెల్లవారుజామున. రాత్రంతా నీరు తాగి ఆకు నిండుగా ఉండేది అప్పుడే. బొబ్బిలిలో చుట్టాలింట్లో కోసి టెక్కలి తెచ్చుకోవాలంటే తడిపి పిండిన పాత చీరముక్కలోనో న్యూస్‌పేపర్లోనో చుట్టి, పాలిథీన్ కవర్లో పెట్టి, మూతి వదులుగా కట్టండి. నీళ్ళ సీసాలో నిలబెట్టి బస్సెక్కే పని లేదు. ఎండ తగిలే కిటికీ పక్కన మాత్రం పెట్టకండి, కవర్లో ఆకు ఉడికిపోతుంది.

వేటిలో పాతాలి

ఇక్కడ తొందరపడొద్దు. సగం గెలుపు ఇక్కడే ఉంది. పెరటి మట్టి వద్దు, పశువుల ఎరువు అసలే వద్దు. వేరులేని రెమ్మకు ఎరువుతో పని లేదు. ఎరువులో ఉండే బూజులకు మాత్రం కోసిన గాయంతో చాలా పని ఉంది.

మనకు చవకగా దొరికేవి మూడు: ఏటి ఇసుక, కొబ్బరి పొట్టు, కాల్చిన ఊక.

నాగావళి, వంశధార ఇసుకలో గరుకు రకం మంచిది. ఎక్కడైనా ఇల్లు కడుతుంటే జల్లెడ పట్టగా మిగిలిన ముతక ఇసుక అడిగి తెచ్చుకోండి. దుమ్ము పోయేదాకా బకెట్లో కడగండి. కళింగపట్నం, బారువ, భావనపాడు ఒడ్డు ఇసుక దగ్గరగా ఉంది కదా అని తేవద్దు. ఆ ఉప్పు ఎన్నిసార్లు కడిగితే పోతుందో చెప్పలేం. పైగా అది సన్నగా ఉండి తడిస్తే బిగుసుకుపోతుంది.

ఉద్దానంలో కొబ్బరి పొట్టుకు కరువు లేదు. కవిటి, సోంపేట వైపు పీచు తీసే చోట్ల కుప్పలుగా ఉంటుంది. కాకపోతే పచ్చి పొట్టును నేరుగా వాడకూడదు. అందులో టానిన్లనే వగరు పదార్థాలు ఉంటాయి, ఒక్కోసారి ఉప్పూ ఉంటుంది. రాత్రంతా నానబెట్టి పిండితే టీ డికాక్షన్ రంగు నీళ్ళు దిగుతాయి. ఆ రంగు పలచబడేదాకా మూడు నాలుగు సార్లు నీళ్ళు మార్చండి. కోకోపీట్ దిమ్మలు కొన్నా ఒకసారి కడగడమే మంచిది.

ఊక ఉప్పుడు బియ్యం మిల్లుల దగ్గర దొరుకుతుంది. మనకు కావలసింది గింజ ఆకారం చెడకుండా నల్లగా కాలిన ఊక. తెల్లటి బూడిద పనికిరాదు, దానిలో క్షారం ఎక్కువ. నల్ల ఊకనూ రెండుసార్లు కడిగి వాడండి. ఇది తేలిగ్గా, గుల్లగా ఉండి గాలి బాగా ఆడనిస్తుంది. జడివాన రోజులకు నాకు తెలిసి దీన్ని మించినది లేదు.

వానాకాలంలో ఇసుక రెండు వంతులు, పొట్టు ఒక వంతు, కాల్చిన ఊక ఒక వంతు. ఫిబ్రవరిలో పొట్టు వంతు పెంచి ఇసుక, పొట్టు సమానంగా కలపండి. కలిపాక గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిగ్గా ఉంది. ధార కట్టిందంటే నీరు ఎక్కువైంది, పరిచి ఆరనివ్వండి. వాడేముందు మిశ్రమం మీద మరిగే నీళ్ళు పోసి, కారిపోయి చల్లారాక కప్పుల్లో నింపితే కుళ్ళు తెగుళ్ళు చాలావరకు తగ్గుతాయి.

పాత్రలుగా పారదర్శకమైన పెరుగు కప్పులు, జ్యూస్ గ్లాసులు మంచివి. అడుగున నాలుగైదు చిల్లులు పెట్టండి. వేరుకు వెలుగు గిట్టదు కాబట్టి ఒక్కో కప్పును రంగు గ్లాసులోకి దించి ఉంచండి. రంగు గ్లాసుకూ చిల్లులుండాలి, లేకపోతే కారిన నీరు అందులో నిలుస్తుంది. వేరు వచ్చిందో లేదో చూడాలంటే లోపలి కప్పు పైకి లాగితే చాలు, రెమ్మను కదిపే పని ఉండదు. ఎక్కువ మొక్కలు చేసేవాళ్ళకు నర్సరీల్లో దొరికే ప్రోట్రేలు (చిన్న చిన్న గుంతలున్న ప్లాస్టిక్ పళ్ళేలు) నయం.

కోత నుంచి పాతడం దాకా

ఒక ముద్దమందారం రెమ్మనే తీసుకుందాం. కొస నుంచి జానెడు కోశారు. దాన్ని 10 నుంచి 12 సెంటీమీటర్లకు సవరించాలి, మూడు నాలుగు కణుపులు ఉండాలి. కొత్త షేవింగ్ బ్లేడుతో కణుపుకి అర సెంటీమీటరు కింద ఒక్క వేటున కొయ్యండి. మొద్దుబారిన కత్తెర కాడను నలిపేస్తుంది, కుళ్ళు మొదలయ్యేది ఆ నలిగిన చోటే. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్ళేముందు బ్లేడును స్పిరిట్‌తో తుడవండి. కణుపు దగ్గరే ఎందుకంటే, వేరు పుట్టించగల కణాలు అక్కడ ఎక్కువ. కొసచిగురులో, లేత ఆకుల్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి కోత దగ్గర పోగవుతుంది. వేరు పుట్టమని కణాలకు అందే పిలుపు అదే. అందుకే రెమ్మను తలకిందులుగా పాతితే బతకదు, ఆకులన్నీ దూసేసినా నష్టమే.

కింది సగంలో ఆకులు తీసెయ్యండి. పైన రెండు మూడు ఉంచి, పెద్దవైతే ఒక్కో ఆకును అడ్డంగా సగానికి కత్తిరించండి. ఆవిరి తగ్గుతుంది, తిండి తయారీ ఆగదు.

ఇక హార్మోను పొడి. నర్సరీల్లో, ఎరువుల కొట్లలో దొరికే రూటింగ్ పొడుల్లో ఎక్కువగా ఉండేది ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం. లేత రెమ్మలకు 0.1 శాతం నుంచి 0.3 శాతం బలం సరిపోతుంది. ముదురు కొమ్మల కోసం అమ్మే బలమైన పొడి వాడితే మొదలు మాడిపోతుంది. కొంచెం పొడిని కాగితం మీద పోసుకుని, రెమ్మ మొదలు ఒక సెంటీమీటరు మేర అద్ది, మిగులు దులపండి. డబ్బాలోనే ముంచితే తడి చేరి పొడి అంతా పాడవుతుంది. మందారం, చామంతి, కనకాంబరాలకు ఇది లేకపోయినా పరవాలేదు. నూరువరహాలకు, గుండుమల్లెకు మాత్రం ఉంటేనే ధైర్యం.

కొబ్బరినీళ్ళలో ముంచడం మన వైపు కొందరికి అలవాటు. కొబ్బరినీళ్ళలో ఉండే సైటోకైనిన్లు అనే హార్మోన్లు చిగురును ప్రోత్సహిస్తాయే తప్ప వేరును కాదు, ఎక్కువైతే వేరుకు అడ్డం కూడా. అందులోని చక్కెర బూజుకి విందు. పసుపు కొంతవరకు బూజును ఆపుతుంది గానీ వేరు పుట్టించదు.

పెన్సిలుతో ముందుగా బొక్క చేసి, 3, 4 సెంటీమీటర్ల లోతున రెమ్మను దించండి. నేరుగా గుచ్చితే పొడి రాలిపోతుంది, కాడ తోలు లేస్తుంది. కనీసం ఒక కణుపు లోపల ఉండాలి. చుట్టూ రెండు వేళ్ళతో నొక్కి, ఒకసారి నీళ్ళు చిలకరించండి. రకం పేరూ తేదీ కప్పు మీద మార్కరుతో రాయండి. ఆకులు రాలాక ఏ మందారం ఏదో పోల్చుకోలేం.

మూత, నీడ, నీరు

రెండు లీటర్ల నీళ్ళ సీసా అడుగు కోసి బోర్లిస్తే మంచి మూత. బిరడా చేతిలో ఉంటుంది కాబట్టి గాలిని తగ్గించొచ్చు, పెంచొచ్చు. మూత లోపలి గోడకు సన్నటి మంచు పట్టి ఉంటే బాగుంది. చుక్కలు ధారలుగా కారుతుంటే బిరడా తీసెయ్యండి. ఏకధాటిగా ముసురు పట్టిన రోజుల్లో అసలు మూతే వద్దు, వాన నేరుగా పడని అరుగు చాలు. రాలిన ఆకును ఏ రోజుకారోజు తీసెయ్యండి, బూజు మొదలయ్యేది దాని మీదే.

నేరుగా ఎండ తగిలితే మూత కింద ఒక పూటలో అంతా అయిపోతుంది. చీకటి గది కూడా పనికిరాదు, ఆకు పని చెయ్యాలంటే వెలుగు కావాలి. తూర్పు వసారా, పనసచెట్టు నీడ, 50 శాతం షేడ్ నెట్, కొబ్బరాకుల పందిరి, ఏదైనా సరే.

నీళ్ళు రోజూ పొయ్యాలన్న నియమం పెట్టుకోవద్దు. కప్పు ఎత్తి చూడండి. బరువుగా ఉంటే ఆగండి. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీరు ఉప్పగా ఉంటే దీనికి వాడకండి. వానాకాలమే కదా, శుభ్రమైన డాబా మీంచి జారే రెండో వాన నీరు ఒక డ్రమ్ములో పట్టుకుంటే సీజనంతా సరిపోతుంది.

ఒక్కో మొక్క తీరు

మందారం మూడు నుంచి ఐదు వారాల్లో వేరు పడుతుంది. నాటు ఒంటిరేకు రకాలు సులువు. పెద్దపూల హైబ్రిడ్లు మొండికేస్తాయి, వాటికి హార్మోను వాడండి.

నందివర్ధనం కొయ్యగానే పాలు కారుతుంది. మొదలును పావుగంట మామూలు నీళ్ళలో ఉంచి, పాలు ఆగాక తుడిచి పాతండి. గన్నేరు కూడా ఇలాగే, ఇది నీళ్ళ సీసాలోనే వేరు తొడిగేంత సులువు. కానీ గన్నేరు ఆకు, కాడ, పాలు అన్నీ విషమే, అది నిలబెట్టిన నీళ్ళూ విషమే. చేతికి తొడుగు వేసుకోండి. కోసిన తుక్కును పశువులు, మేకలు తిరిగే చోట పారెయ్యొద్దు. పిల్లలున్న ఇంట్లో సీసా పద్ధతి అసలు వద్దు.

గుండుమల్లెకు, నూరువరహాలకు మరీ లేత రెమ్మ కాక కాస్త గట్టిపడుతున్నది మంచిది. మల్లెకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నూరువరహాలకు రెండు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆకు పచ్చగా ఉన్నంతకాలం దాన్ని పీకి చూడొద్దు.

కనకాంబరం రెండు మూడు వారాల్లో సిద్ధమవుతుంది. దానికి అసలు శత్రువు నులిపురుగు. వంగ, టమాటా వేళ్ళకు బుడిపెలు కట్టిన మడిలో ఈ పిలకల్ని నాటకండి. ముందొక పంట బంతి వేసి తర్వాత నాటితే మేలు.

చామంతి కొసలు 5 నుంచి 7 సెంటీమీటర్లు చాలు. రాత్రులు పొడవవుతుంటేనే అది మొగ్గ తొడుగుతుంది కాబట్టి జూన్, జూలైలో వేరు పట్టించి బాగా పెరగనిస్తే చలికాలానికి నిండుగా పూస్తుంది. కుండీని వీధిదీపం కింద పెడితే మొగ్గ ఆలస్యమవుతుంది.

దేవగన్నేరు ఈ దారిలోది కాదు. దానికి ముదురు కొమ్మ కోసి, వారం పైగా నీడన ఆరబెట్టి, పాలు ఎండాక పొడి ఇసుకలో నాటాలి. కాగితంపూలకూ పెన్సిలు లావు ముదురు కొమ్మే మంచిది.

లోపల ఏం జరుగుతోంది

కొత్త ఆకు వచ్చిందని సంబరపడి మూత తియ్యకండి. కాడలో దాచుకున్న తిండితో వేరు లేకుండానే ఒకటి రెండు ఆకులు వస్తాయి. కప్పు గోడకు తెల్లటి దారాలు కనబడటమే నమ్మదగ్గ గుర్తు. ప్రోట్రే అయితే మూడు వారాల తర్వాత రెమ్మను రెండు వేళ్ళతో సుతారంగా పైకి లాగండి. లోపల పట్టు తెలిస్తే వేరుంది.

మొదలు నల్లబడి మెత్తగా అయితే కుళ్ళు. ఆ కప్పును వెంటనే దూరంగా పారేసి, మిగతావాటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి ఒకసారి పొయ్యండి. మరుసటి విడతకు మిశ్రమంలో ఊక, ఇసుక పెంచండి. ఆకులు తొడిమతో సహా శుభ్రంగా రాలి కాడ పచ్చగానే ఉంటే ఓపిక పట్టొచ్చు, చాలాసార్లు కణుపు దగ్గర మళ్ళీ చిగురిస్తుంది. మొదలు దగ్గర తెల్లటి గడ్డలా ఉబ్బి వేరు మాత్రం రాకపోతే అది గాయం మానిన కండ. చల్లదనం, క్షారం ఎక్కువైనప్పుడు అక్కడే ఆగిపోతుంది. వెచ్చటి చోటికి మార్చండి. కడగని ఊక వాడి ఉంటే మిశ్రమం మార్చండి. మిశ్రమం మీద చిన్న నల్ల ఈగలు ఎగురుతుంటే తడి ఎక్కువైందన్నమాట.

ఎంత తెలిసినవాళ్ళకైనా కొన్ని పోతాయి. ఒక్క మొక్క కావాలంటే నాలుగైదు రెమ్మలు పెట్టడం తెలివి. కనకాంబరం వేళ్ళ తెగుళ్ళ వంటి సందేహాలకు ఆమదాలవలసలో, రస్తాకుంటుబాయిలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, వేరుతో సహా మొక్కను తీసుకెళ్ళి అడగండి.

కుండీలోకి, ఆపైన నేలలోకి

వేళ్ళు రెండు మూడు సెంటీమీటర్లు పెరిగాక మూతను మొదట రోజుకో గంట తియ్యండి. వారం పది రోజుల్లో పూర్తిగా తీసేసేలా పెంచుకుంటూ పోండి. ఒక్కసారిగా తీస్తే మూత కింద పుట్టిన మెత్తటి ఆకు తట్టుకోలేదు. తర్వాత ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి నర్సరీ కవర్లోకి మార్చండి. మార్చేటప్పుడు కాడ పట్టి లాగకండి, కప్పును బోర్లించి గుత్తి మొత్తం చేతిలోకి తీసుకోండి. కొత్తగా నాలుగైదు ఆకులు వచ్చాక కొస గిల్లితే పక్క కొమ్మలు వచ్చి పొద గుబురుగా తయారవుతుంది.

నేలలో నాటేందుకు మాత్రం తొందర వద్దు. మన తీరాన అక్టోబరు తుపాన్లు ఎలాంటివో అందరికీ తెలుసు: 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. వేరు నిలదొక్కుకోని మొక్కకు ఆ గాలీ, దాంతో వచ్చే ఉప్పుజల్లూ ప్రాణాంతకం. జూలైలో పెట్టిన రెమ్మ దసరాకి కవర్లో మూరెడు ఎత్తు ఉంటుంది, హెచ్చరిక రాగానే ఇంట్లోకి చేర్చేయొచ్చు. పెరట్లోని పాత చెట్టు పడిపోయినా ఆ రకం చేజారదు. అందుకే అపురూపమైన రకం ఏదున్నా, చెట్టు ఎంత బాగున్నా, ప్రతి వానాకాలం దాని నుంచి రెండు మొక్కలు చేసి ఉంచుకోవాలంటాను. ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గర.

నవంబరు సగం దాటి గాలులు నెమ్మదించాక, మూరెడు లోతు గొయ్యి తీసి, సాయంత్రం పూట నాటండి. తీరపు ఊళ్ళలో మొదటి వేసవికి తూర్పు వైపు కొబ్బరాకు దడి కట్టండి. మొదటి రెండు నెలలు వచ్చిన మొగ్గల్ని గిల్లేయండి, వేరు లోతుకు దిగనివ్వండి.